కూర్చుని అమ్మిన అంగడి

మొన్న నంద్యాలకు పెళ్ళి చీరలు కొనడానికి పోయి ఒక్క చీర కూడా కొనకుండా తిరిగి వచ్చాను. మా ఇంటి చరిత్రలో ఇది చిన్న విషయం కాదు. ఆళ్ళగడ్డ బజారులో గుడ్డలంగడి పెట్టుకుని బతికిన ఇంట్లో పుట్టినదాన్ని నేను. కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడి, ఆ అమ్మే మనిషి "నీకు దండం పెడతానమ్మా, ఊరికే తీసుకపో" అనేదాకా కదలనని నాకు పేరు. పోనీ బేరం కుదరక వచ్చేశానా అంటే అదీ లేదు. నేను అడగకముందే ధర తగ్గిస్తామన్నారు, ఆ తర్వాత ఇంకా తగ్గిస్తామన్నారు. అయినా లేచి వచ్చేశాను. పెళ్ళి నా మేనకోడలు వాణి కూతురిది. వాణి ఆ రోజు బస్సులో ఆళ్ళగడ్డ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

జిల్లా కేంద్రం అయ్యాక నంద్యాలలో అద్దాల మేడలు బాగా పెరిగాయి. మేం పోయిన షోరూమ్‌లో తలుపు తీయగానే చల్లగాలి, అత్తరు వాసన. కొనేవాళ్ళకు దిగబడిపోయే సోఫాలు, చేతికి చల్లటి రసం. గోడ పొడుగునా ఒకే రంగు చీరలు కట్టుకున్న ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. మాకు చీరలు చూపించిన పిల్ల పేరు సునీత. పగిడ్యాల దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి నంద్యాల వచ్చింది, మొగుడు ఆటో తోలుతాడు. కడుపుతో ఉంది. కొంగు ఎంత ముందుకు కప్పుకున్నా ఆ సంగతి దాగడం లేదు. ఒక చీర విప్పి చూపించేటప్పుడు కుడికాలి మీద, ఇంకోటి విప్పేటప్పుడు ఎడమకాలి మీద బరువు వేస్తూ, మధ్యమధ్య మోకాలిని బల్ల అంచుకు ఆనిస్తూ ఉంది. చీర సంగతి మరిచిపోయి నేను ఆ కాళ్ళనే చూస్తూ కూర్చున్నాను.

"కూచో పాపా. కూచోని చూపియ్యి," అన్నాను.

"వద్దులే అవ్వా. ఈడ మేము కూచోకూడదు."

"ఎవురు చెప్పినారు?"

తల కదపకుండా కళ్ళు మాత్రం పైకెత్తింది. మూలన నల్లటి కెమెరా ఉంది. "దాంట్లో చూస్తాంటారు. కూచుంటే మైకులో పేరు పిలుస్తారు. మళ్ళా మళ్ళా పిలిపిచ్చుకుంటే ఇంటికి పంపిచ్చేస్తారు."

"మరి పొద్దన్నుంచి ఇట్లనేనా?"

"అన్నం తినేటప్పుడు కూచుంటాం గదా," అని నవ్వింది, అదేదో పెద్ద సౌకర్యమైనట్టు.

నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. టై కట్టుకున్న మేనేజరు, చిన్నవాడే, పరుగున వచ్చి ఏం కావాలన్నాడు. "ఈ పిల్లకు ఒక స్టూలు తెప్పీప్పా. అది వచ్చేదాకా నేను గూడా నిలబడుకోనే చూస్తా," అన్నాను. ఆయన నవ్వు చెదరనివ్వలేదు. స్టాఫ్ కూర్చుంటే కస్టమర్‌కు మర్యాద కాదు, అది తమ పద్ధతి అన్నాడు. "ఆ కస్టమర్ను నేనే గదప్పా. నాకా మర్యాద అక్కరలేదు," అన్నాను. ఆయన నా చేతిలోని చీరల వైపు, వాణి మొహం వైపు చూసి ఒక నిర్ణయానికి వచ్చాడు.

"మేడమ్, మీకోసం పది పర్సెంట్ తగ్గిస్తాను."

"స్టూలు?"

"ఓనర్‌తో మాట్లాడి పదిహేను చేయిస్తాను మేడమ్."

"అప్పా, నేను ధర అడగలేదు. స్టూలు అడిగినా."

"ఇరవై," అన్నాడు, గొంతు తగ్గించి.

అబద్ధం ఎందుకు, ఇరవై అన్నప్పుడు నా ప్రాణం లాగింది. నా చేయి తనంతట తానే డబ్బుల సంచి మీదికి పోయిందని వాణి ఇప్పటికీ దెప్పుతుంది. కానీ ఆ క్షణంలోనే లెక్క కట్టాను. ఆయన తగ్గిస్తానన్న మొత్తానికి ఆ అంతస్తులో ఉన్న పిల్లలందరికీ స్టూళ్ళు వస్తాయి. ఒక్క స్టూలు మాత్రం ఇవ్వడు. ఎందుకివ్వడో అంగట్లో పుట్టిన నాకు వేరే చెప్పాలా? తగ్గింపు ఈ రోజుతో అయిపోతుంది. స్టూలు వేస్తే అది రేపు కూడా అక్కడే ఉంటుంది. "పద వాణీ," అని బయలుదేరాను, ఏదో గొప్ప పని చేసినట్టు తల ఎత్తుకుని.

మెట్ల దగ్గర సునీత వెనకాల వచ్చింది, సగం మడిచిన చీరలు చేతుల మీద పెట్టుకుని. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ పొడిచింది. "అవ్వా, మీరు పోతాండారు. ఇంతసేపు చూపిచ్చి ఒక్కటి గూడా అమ్మలేదని ఇప్పుడు నన్ను అడుగుతారు. కాన్పుకు పుట్టింటికి పోయేదాకా నాకీ పని ఉండాల. నాకోసమని ఏమీ అడగొద్దవ్వా." అని గబగబా వెనక్కి పోయింది. మైకులో ఆమె పేరు వినబడింది.

ఆ రాత్రి ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాను. కూర్చోవడం అనే మాటే నన్ను మా పాత అంగడికి లాక్కుపోయింది. మా అంగట్లో కుర్చీ అనే వస్తువే ఉండేది కాదు. వీధిలోంచి మెట్లెక్కితే అరుగు, అరుగు దాటితే గోడ నుంచి గోడ దాకా దూదిపరుపు, దాని మీద తెల్లటి దుప్పటి, వెనక ఆనుకోవడానికి బాలీసులు. చెప్పులు మెట్ల కిందే వదలాలి. గల్లాపెట్టె పక్కన నాయన, మధ్యలో గుమాస్తా ఖాసిం అన్న, ఎదురుగా కొనేవాళ్ళు, అందరూ ఆ ఒక్క పరుపు మీదే. అహోబిలం పోయి వచ్చే వాళ్ళయినా, జొన్నలమ్మి పెళ్ళి గుడ్డలకు వచ్చిన రైతయినా, శెట్టి అయినా, జీతగాడయినా ఒకే ఎత్తులో కూర్చునేవాళ్ళు. ఖాసిం అన్న గుడ్డ తాను చేతిలోకి తీసుకుని విసిరితే అది దొర్లుకుంటూ పోయి సరిగ్గా కొనేవాళ్ళ మోకాలి దగ్గర ఆగేది. అందరూ దాన్ని పట్టి చూసేవాళ్ళు, నలిపేవాళ్ళు, ముక్కు దగ్గర పెట్టుకునేవాళ్ళు.

అంగడి వెనకే మా ఇల్లు. అమ్మ ఆ దుప్పట్లను సోడాలో ఉడకేసి, నీలిమందు పెట్టి, గంజి కలిపి ఆరేసేది. పొద్దున్నే కొత్త గుడ్డ వాసనలోకి ఆ గంజి వాసన, కలరా ఉండల వాసన, వంటింట్లోంచి బొరుగుల ఉగ్గాని తాలింపు వచ్చి కలిసేవి. ఖాసిం అన్నకు ఉగ్గాని మీద రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి పంపేది అమ్మ. రంజాన్ నెలలో మాత్రం ఆయన వంటింటి వైపు తిరిగి "వదినా, ఈ నెల తాలింపు పొద్దుగూకినాక పెట్టు, ఒక్కపొద్దు చెడగొట్టి నన్ను దోజకానికి పంపిస్తావేంది," అనేవాడు. సాయంత్రం నాయన ముక్కుపొడి పీల్చి, తుమ్మి, ఆ రుమాలుతోనే గల్లాపెట్టె తుడిచి, సాంబ్రాణి వేయించేవాడు. బేరం అనే విద్య నాకు ఆ పొగలోనే అబ్బింది. కొనేవాళ్ళ చేతిలో ఒక్కటే ఆయుధం ఉంటుంది, లేచి నిలబడటం. వాళ్ళు లేచారంటే ధర దిగాలి. ఖాసిం అన్న మాత్రం వాళ్ళు లేచింది చూడనట్టే ఇంకో తాను విప్పుతూ "కూచో చిన్నమ్మా, అంత దూరం నుంచి వచ్చి నిలబడుకోనే పోతావా," అనేవాడు. సగం మంది మళ్ళీ కూర్చునేవాళ్ళు.

మా నాయన దయామయుడని చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. కూర్చున్న మనిషి ఎక్కువ కొంటాడని ఆయన లెక్క, పరుపు వేసింది అందుకు. వారానికో రోజు అంగడి మూయాలి, గుమాస్తాకు సెలవు ఇవ్వాలి అని రూలు వస్తే మా వీధి శెట్లంతా ముందు తలుపులు మూసి పక్క సందులోంచి అమ్మిన ఘనులు. ఆ సెలవు రోజున ఖాసిం అన్న మా ఇంటికి చుట్టపుచూపుకు వచ్చినట్టు వచ్చి, సందు తలుపు దగ్గర గుడ్డ చించేవాడు. లేబర్ ఆఫీసరు వస్తున్నాడంటే నిజంగానే చుట్టంలా మజ్జిగ తాగుతూ కనిపించేవాడు. నవ్వుకుంటూ చెప్పుకున్న కథే ఇది మా ఇంట్లో. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

అలాంటి నాయన ఒకసారి కర్నూలు పోయి, అక్కడి అంగళ్ళలో అద్దాల కౌంటర్లు చూసి వచ్చాడు. నెల తిరక్కముందే మా పరుపు చుట్టుకుని అటకెక్కింది. నేల మీద కౌంటరు, దాని వెనక బీరువాలు, మధ్య సందులో గుమాస్తాలు. నాయనకు మాత్రం గల్లా దగ్గర గుండ్రంగా తిరిగే కుర్చీ. దాని మీద తిరగడానికి మేం పిల్లలం కొట్టుకున్నాం. మా అంగడిని చూసి వీధిలోని గుడ్డలంగళ్ళన్నీ అద్దాలు పెట్టాయి. కొన్ని నెలలకు ఖాసిం అన్న పిక్కల మీద నరాలు ఉబ్బి తాళ్ళలా లేచాయి. సాయంత్రం అంగడి కట్టే ముందు అమ్మ వంటింటి గడప దగ్గర వేడి ఉప్పునీళ్ళ బకెట్టు పెట్టేది. ఆయన ఆ బకెట్టులో కాళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అన్నం వడ్డిస్తూ అమ్మ "ఆ మనిషి కాళ్ళు చూసినావా?" అని అడిగితే నాయన "మజ్జిగ పొయ్యి," అనేవాడు.

ఖాసిం అన్న ఒకరోజు నేరుగానే అడిగాడు. నేను అప్పుడు ఆ తిరిగే కుర్చీ వెనకే ఉన్నాను.

"శెట్టీ, ఒక బల్ల యేయించు. గిరాకీ లేనప్పుడు కూచుంటాం."

"గుమాస్తా కూచోనుంటే చూసినోడు ఏమనుకుంటాడు ఖాసిం? ఈ అంగట్లో యాపారం లేదనుకుంటాడు."

"నువ్వు కూచోలేదా?"

"నేను శెట్టిని గదరా."

ఖాసిం అన్న విప్పిన గుడ్డను మడత తప్పకుండా మడిచి బీరువాలో పెట్టాడు. ఆ సాయంత్రం ఉప్పునీళ్ళు కూడా వద్దని, వీధిలోని మిగిలిన అంగళ్ళ గుమాస్తాల దగ్గరికి పోయాడు.

ముహూర్తాల కాలం మొదలైంది. అంగడి నిండా జనం. ఒక ముసలామె కొడుకు పెళ్ళికి గుడ్డలు చూస్తోంది. ఖాసిం అన్న చంకలో తానులు పెట్టుకుని "అవ్వా, ఈడ వెలుతురు చాలదు, రా, బయట కూచోని చూద్దాం," అని ఆమెను అరుగు మీదికి తీసుకుపోయి, హాయిగా కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. ఆమె కూడా ఎదురుగా చతికిలబడింది. తాను దొర్లింది, పాత రోజుల్లో లాగానే. నాయన కుర్చీ వదిలి బయటికి వచ్చాడు.

"ఏందిది ఖాసిం?"

"యాపారం శెట్టీ."

"లోపల అంత దుడ్లు పోసి కౌంటరు పెట్టించింది ఎందుకు?"

జవాబు ఆ ముసలామె చెప్పింది. "నా మోకాళ్ళు నొస్తాండాయి శెట్టీ. మేము ఈడ బాగున్నాం, నువ్వు లోపలికి పో."

నాయన తలెత్తి వీధి చూశాడు. ఎదురంగడి అరుగు మీద గుమాస్తా కూర్చుని పంచెలు చూపిస్తున్నాడు. దాని పక్కదాంట్లో రవికె గుడ్డలు. ఆ చివరి దాకా ప్రతి అరుగు మీదా కొనేవాళ్ళతో మోకాలికి మోకాలు ఆనించి గుమాస్తాలే. ఎవరూ పని మానలేదు, ఎవరూ గొంతెత్తలేదు. అమ్మకం జరుగుతుంటే ఏ శెట్టి మాత్రం ఆపగలడు? అంతలో వెనక నుంచి అమ్మ వచ్చింది, అటక మీది పాత దుప్పటి దులిపి పట్టుకుని. "గుడ్డలు దుమ్ము పడతాండాయి," అని అరుగు మీద పరిచి, నాయన మొహం చూడకుండా లోపలికి పోయింది.

ఆ కాలమంతా మా వీధి వ్యాపారం అరుగుల మీదే జరిగింది. చివరికి నాయన దిగి వచ్చాడు, కానీ బేరం లేకుండా దిగితే ఆయన శెట్టి ఎట్లా అవుతాడు? బల్ల వేయిస్తాను గాని వీపు ఆనుకునే చెక్క ఉండకూడదు, ఉంటే నిద్రపోతారు అన్నాడు. ఖాసిం అన్న కాసేపు ఆలోచించినట్టు నటించి "సరే శెట్టీ. నువ్వు ఆనుకో, మేము కూచుంటాం," అన్నాడు. ఆ బల్ల కౌంటరు వెనక పడింది. గిరాకీ ఉన్నా లేకపోయినా, నాయనకు కోపం వచ్చినా రాకపోయినా అది అక్కడే ఉంది. ఖాసిం అన్న పని మానుకున్నాక వచ్చిన గుమాస్తాలు, అది ఎట్లా వచ్చిందో తెలియకుండానే దాని మీద కూర్చున్నారు. హక్కు అనే మాట మా వీధిలో ఎవరి నోటా నేను వినలేదు. కానీ ఆ మాట ఎక్కడ చదివినా నాకు ఆ వీపులేని బల్లే గుర్తొస్తుంది.

తెల్లవారి మా వీధి లాయరును పట్టుకున్నాను. ఫీజు ఇవ్వనని ముందే చెప్పి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. ఆయన ఓపికగా చెప్పాడు. ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలని పాత చట్టంలోనే ఉందట. పక్కన తమిళనాడులో అంగడి పనివాళ్ళకు సీటు ఇవ్వాలని చట్టమే చేశారట. మన దగ్గర కూడా కొత్త కార్మిక చట్టాల్లో ఆ మాట చేరిందట. ఇక కడుపుతో ఉన్న మనిషికైతే, కాన్పు దగ్గరపడ్డాక గంటల తరబడి నిలబెట్టే పని చెప్పకూడదని ఎప్పటి నుంచో ఉందట, ఆమె అడిగితే.

"అడిగితేనా?" అన్నాను.

"అడిగితేనేమ్మా. ఫిర్యాదు ఇవ్వడానికైనా ఆ పిల్ల ముందుకు రావాల గదా."

అడిగితే. కెమెరా కింద, మైకు కింద, కాన్పు దాకా పని నిలిస్తే చాలనుకునే పిల్ల అడగాలి. చట్టం రాసినవాళ్ళు ఏ రోజైనా ఒక అంగట్లో జీతానికి నిలబడ్డారా? అడగడం అంటే ఏమిటో నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి అడుగుతూనే బతికాను. పోతే పోయింది అనుకోగలిగినవాళ్ళు మాత్రమే అడగగలరు. నేను చీర వదిలేసి రాగలను, ఇంకో అంగడి ఉంది. ఆ పిల్ల ఏం వదిలేసి వస్తుంది?

రెండు రోజులాగి వాణిని బతిమాలి, ఈసారి కొని తీరతానని ఒట్టుపెట్టి మళ్ళీ నంద్యాల పోయాను. సునీత ఉంది. నన్ను చూడగానే ఆమె మొహం పాలిపోయింది. నేను ఏమీ అడగలేదు. సోఫా ముందున్న తివాచీ మీద, బల్ల పట్టుకుని, వాణి భుజం పట్టుకుని, ఎముకలు పటపటమంటుండగా కింద కూర్చున్నాను.

"సునీతా, చీరలు ఈడ పరుచు. పరుపంగట్లో పెరిగినదాన్ని, కింద కూచోకుంటే నాకు చీర కంటికి ఆనదు."

ఆమె వంగి ఒక చీర పరిచింది. "వంగి చూపిస్తే నాకు మెడ పట్టేస్తాంది. కూచో," అన్నాను. ఆమె కెమెరా వైపు చూసింది. మేనేజరు రానే వచ్చాడు.

"మేడమ్, సోఫా ఉంది కదా మేడమ్."

"మెత్తగా ఉండాదప్పా. కూచుంటే లేయలేను."

"స్టాఫ్ మాత్రం..."

"మొన్న నువ్వే చెప్పినావు గదా, కస్టమర్‌కు మర్యాద ఉండాలని. నేను కింద కూచోనుంటే ఈ పిల్ల నా నెత్తిమీద నిలబడుకోవడం ఏం మర్యాదప్పా?"

ఆయన చుట్టూ చూశాడు. అంతలో పక్కన చీరలు చూస్తున్న పల్లెటూరి ఆడవాళ్ళు, అహోబిలం వైపు నుంచి వచ్చినవాళ్ళట, "ఈడ కింద పరుస్తాండారా? మాకు గూడా పరుచు పాపా, ఆ సోఫాల్లో నడుములు పోతాండాయి," అని గుంపుగా తివాచీ మీద చేరారు. వాళ్ళ ముందున్న పిల్ల సునీత వైపు చూసింది. సునీత మెల్లగా, ఒక చేయి నేలకు ఆనించి, కూర్చుంది. ఆ పిల్ల కూడా కూర్చుంది. మైకు పలకలేదు. కాసేపటికి సునీత నా ఒడిలోకి ఒక పెద్ద పట్టుచీర పరిచి, దాని కింద రెండు కాళ్ళూ చాపుకుంది. అంచు తొలిగినప్పుడు చీలమండలు కనిపించాయి. వాచి నిగనిగలాడుతున్నాయి.

నేను ఆ రోజు చూసినన్ని చీరలు జన్మలో చూడలేదు. అంచు నచ్చలేదన్నాను, రంగు నచ్చలేదన్నాను, మొదట చూసినవాటినే మళ్ళీ తెప్పించాను. మధ్యలో లాయరు చెప్పిన మాట సునీత చెవిన వేశాను. ఆమె జరీ సవరిస్తూ విని "నెలలు దగ్గర పడనీ అవ్వా. అప్పటిదాకా నన్ను ఉండనిస్తే అడుగుతా," అంది. మధ్యాహ్నం దాటాక పెళ్ళికి కావలసినవన్నీ కొన్నాం. ఆ ఇరవై పర్సెంట్ మాత్రం మేనేజరుకు గుర్తుచేసి వసూలు చేశాను. నా కోపం వేరు, నా బేరం వేరు.

నేను లేచాను. సునీత కూడా లేచింది. ఆ గుంపు లేస్తే ఆ రెండో పిల్ల లేచింది. తివాచీ ఖాళీ అయింది, ఇద్దరూ పోయి గోడ పక్కన మళ్ళీ నిలబడ్డారు. అంతవరకు నా తెలివికి నేనే మురిసిపోతున్నాను. ఆ ఖాళీ తివాచీ చూశాక ఒళ్ళు మండింది. ఖాసిం అన్న సంపాదించిన బల్ల ఆయన పోయినా మిగిలింది. నేను సంపాదించింది నాతోపాటే లేచి బయటికి వచ్చేస్తోంది. ఒక మనిషి తన కాళ్ళు తాను మడుచుకుని కూర్చోవడానికి, ముక్కూ మొహం తెలియని ముసలిదానికి చీరల పిచ్చి ఉండాలా? ఇదేం దేశమని ఎవరిని అడగాలి?

తలుపు దాకా సంచులు మోసుకొచ్చిన సునీత గొంతు తగ్గించి అడిగింది.

"రేపు గూడా వస్తారా అవ్వా?"

బస్‌స్టాండులో కూర్చున్నాక మా వదిన రుక్మిణికి ఫోన్ చేశాను. అంగళ్ళవాళ్ళ ఓపిక చూసే విద్యలో ఆమె నాకన్నా నాలుగాకులు ఎక్కువ చదివింది. ఆమె తర్వాత వియ్యపురాలు, ఆ తర్వాత చెల్లెళ్ళు, మా వైపు ఆడవాళ్ళకు కొదవ లేదు. ఆ పిల్ల అడిగే రోజు దాకా వరస వేయగలను.

"రేపు నీకు పనేమన్నా ఉండాదా వదినా?"

"ఏందీ?"

"నంద్యాలలో చీరలు చూడాల."

"కొనాల్నా?"

"రవికె గుడ్డన్నా కొను, లేకుంటే ఆ పిల్లకు మాట వస్తాది. కూచునేది మాత్రం కింద కూచో. శానాసేపు కూచో."